వృత్తి మార్పుకై ఉపాధ్యాయుల రెజ్యూమే

(ఈ వ్యాసంలో "కార్పొరేట్" అనగా వ్యాపార, పారిశ్రామిక, సాఫ్ట్‌వేర్ సంస్థలు. తెలుగునాట వాడుకలో ఉన్న "కార్పొరేట్ పాఠశాల", "కార్పొరేట్ కళాశాల" అనే అర్థంలో కాదు.)

వృత్తి మార్పుకై ఉపాధ్యాయుల రెజ్యూమే అనగా బోధన వృత్తిలో ఉన్నవారు కార్పొరేట్ సంస్థలలోని ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకొనేటపుడు తమ అర్హతలను, అనుభవాన్ని ఆ ఉద్యోగాలకు తగినట్లుగా తిరిగి వ్రాసుకొనే స్వవివర పత్రం. ఉపాధ్యాయ ఉద్యోగాలకు పంపే బయోడేటాకు, దీనికి రూపంలోను, భాషలోను తేడా ఉంది. పాఠశాల యాజమాన్యానికి బి.ఎడ్., బోధించిన తరగతులు, ఉత్తీర్ణతా శాతం చెబితే సరిపోతుంది. ఆ మాటల వెనుక ఉన్న పని ఏమిటో కంపెనీలో ఎంపిక చేసేవారికి సాధారణంగా తెలియదు. కనుక ఈ మార్పులో ప్రధానమైనది కొత్త నైపుణ్యాలను చేర్చడం కాదు. చేసిన పనినే, పాఠశాల గురించి తెలియనివారికి అర్థమయ్యేలా, ఉన్నది ఉన్నట్లుగా చెప్పడమే.

పదాల వివరణ

రెజ్యూమే అనే ఫ్రెంచి పదానికి "సంగ్రహం" అని అర్థం. కరికులం వీటే (సి.వి.) అనే లాటిన్ పదబంధానికి "జీవిత గమనం" అని అర్థం. భారతదేశంలో ఈ రెండింటినీ, బయోడేటా అనే మాటనూ ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటారు. అయితే వాటి మధ్య భేదం ఉంది.

* బయోడేటా: తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, చిరునామా మొదలైన వ్యక్తిగత వివరాలతో మొదలవుతుంది. పెళ్ళి సంబంధాలకు ఇచ్చే పత్రాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు.
* సి.వి.: చదువు, పరిశోధన, ప్రచురణలు అన్నీ వివరంగా ఉంటాయి. విశ్వవిద్యాలయాలలో ఎక్కువగా వాడుతారు.
* రెజ్యూమే: ఒకటి లేదా రెండు పుటలలో, దరఖాస్తు చేసే ఉద్యోగానికి సంబంధించిన విషయాలు మాత్రమే ఉంటాయి.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాలు డి.ఎస్.సి. ప్రకటనల ద్వారా జరుగుతాయి. ఈ ప్రకటనల మధ్య ఏళ్ళ తరబడి వ్యవధి ఉండడం కద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి డి.ఎస్.సి. తరువాత 2025లో 16,347 పోస్టులకు మెగా డి.ఎస్.సి. జరిగింది. తెలంగాణలో 2017 నాటి ఉపాధ్యాయ నియామక ప్రకటన తరువాత 2024లో 11,062 పోస్టులకు డి.ఎస్.సి. నిర్వహించారు. ఈ వ్యవధిలో శిక్షణ పొందిన అభ్యర్థులు అనేకులు ప్రైవేటు పాఠశాలలలో పనిచేస్తూ వచ్చారు.

2020లో కోవిడ్-19 వ్యాప్తి కారణంగా పాఠశాలలు మూతపడినపుడు ప్రైవేటు ఉపాధ్యాయులు చాలామంది జీతాలు లేక ఇతర పనులకు వెళ్ళవలసి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ కాలంలోనే ఆన్‌లైన్ విద్యా సంస్థలు ఉపాధ్యాయులను పెద్ద సంఖ్యలో చేర్చుకొన్నాయి. అయితే పాఠశాలలు తిరిగి తెరుచుకొన్న తరువాత 2022లో ఆ రంగంలో ఉద్యోగాల కోత మొదలైంది. వాటిలో పెద్దదైన బైజూస్ 2022 అక్టోబరులో సుమారు 2,500 మంది తొలగింపును ప్రకటించింది. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. ఒక్క రంగాన్నే నమ్ముకొని తయారుచేసిన రెజ్యూమేకు ఉండే పరిమితిని ఈ అనుభవం తెలియజేస్తుంది.

బయోడేటా నుండి తొలగించదగినవి

పాఠశాలలకు పంపే బయోడేటాలో సాధారణంగా కనిపించే కొన్ని అంశాలు కార్పొరేట్ రెజ్యూమేలో అవసరం ఉండవు.

* తండ్రి లేదా భర్త పేరు, మతం, కులం, వైవాహిక స్థితి, ఆధార్ సంఖ్య.
* "పై వివరములన్నియు నిజమని ధ్రువీకరించుచున్నాను" అనే తరహా ప్రకటన, సంతకం.
* పదవ తరగతి నుండి మొదలయ్యే మార్కుల పట్టిక. అనుభవం ఉన్నవారికి చివరి డిగ్రీలు, బి.ఎడ్. లేదా డి.ఎడ్. చాలు. సంస్థ అడిగితే తప్ప శాతాలు అవసరం లేదు.
* "సవాలుతో కూడిన ఉద్యోగం కోరుతున్నాను" వంటి ఆశయ వాక్యం. దీని స్థానంలో అనుభవం, ప్రధాన నైపుణ్యం, కోరుకొనే ఉద్యోగం తెలిపే రెండు మూడు వాక్యాల పరిచయం ఉంటుంది.

ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ఉత్తీర్ణతను అర్హతల కింద ఒక వరుసలో చెప్పవచ్చు. శిక్షణ సంబంధమైన ఉద్యోగాలు కానపుడు దానిని విడిచిపెట్టినా నష్టం లేదు.

పని భాషను మార్చడం

ఉపాధ్యాయులు తమ అనుభవాన్ని సాధారణంగా "8, 9, 10 తరగతులకు గణితం బోధించాను" అని ఒక్క వాక్యంలో వ్రాస్తారు. ఈ వాక్యం పదవిని చెబుతుంది గాని పనిని చెప్పదు. పనిని చెప్పడానికి మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి: ఏమి చేశారు, ఎంతమందికి లేదా ఎంత కాలంలో చేశారు, దాని వలన ఏమి మారింది. ఈ కింది వాక్యాలు, వాటిలోని సంఖ్యలు ఉదాహరణ కొరకు ఇచ్చినవి. అసలు రెజ్యూమేలు ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటాయి.

* "గణితం బోధించాను" అనే వాక్యానికి బదులు: "మూడు తరగతులలో 120 మందికి వార్షిక బోధన ప్రణాళిక రూపొందించి అమలు చేశాను. ప్రతి నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్.ఎ.) తరువాత వెనుకబడిన అంశాలను గుర్తించి, తరువాతి నెల ప్రణాళికను సవరించాను."
* "క్లాస్ టీచరుగా పనిచేశాను" అనే వాక్యానికి బదులు: "40 కుటుంబాలతో ప్రతి నెల ప్రగతి సమీక్ష నిర్వహించాను. ఏడాదిలో బడి మానిన ఆరుగురి ఇళ్ళకు వెళ్ళి కారణాలు తెలుసుకొన్నాను. వారిలో నలుగురు తిరిగి చేరారు."
* "సీనియర్ ఉపాధ్యాయురాలిని" అనే మాటకు బదులు: "కొత్తగా చేరిన ఐదుగురు ఉపాధ్యాయుల తరగతులను పరిశీలించి, సూచనలు ఇచ్చి, మొదటి మూడు నెలలు తోడ్పడ్డాను."
* "టైంటేబుల్ బాధ్యతలు" అనే మాటకు బదులు: "18 మంది ఉపాధ్యాయులు, 12 తరగతులకు వారపు కాలపట్టిక తయారుచేశాను. సెలవులో ఉన్నవారి పీరియడ్లను ప్రతి ఉదయం ప్రార్థన సమయానికి ముందే సర్దుబాటు చేశాను."

రెండవ ఉదాహరణలో "నలుగురు తిరిగి చేరారు" అని చెప్పడంతో మిగిలిన ఇద్దరు చేరలేదని కూడా తెలుస్తుంది. ఇటువంటి వాక్యం "డ్రాపౌట్ల సమస్యను పూర్తిగా నివారించాను" అనే దాని కంటే నమ్మదగినదిగా ఉంటుంది. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగినపుడు చెప్పడానికి అభ్యర్థి వద్ద జరిగిన విషయం ఉంటుంది.

బోధనేతర విధులు

విద్యా హక్కు చట్టం, 2009 లోని 27వ విభాగం ప్రకారం పదేళ్ళకొకసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదు. ఎన్నికల విధులను ప్రభుత్వ ఉపాధ్యాయులు అనేకులు భారంగా భావించి రెజ్యూమేలో వ్రాయరు. కానీ పోలింగ్ కేంద్రంలో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేయడమంటే అంతకు ముందు పరిచయం లేని సిబ్బందితో, నిర్ణీత సమయంలో, వ్రాతపూర్వక నియమాల ప్రకారం, ప్రతి దశను నమోదు చేస్తూ పని పూర్తిచేయడం. కార్యనిర్వహణ ఉద్యోగాలకు ఇది పనికివచ్చే అనుభవం. జనగణన, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశాలు, మధ్యాహ్న భోజన పథకం లెక్కలు కూడా ఇటువంటివే.

బోధనకు, కార్పొరేట్ శిక్షణకు గల సంబంధం

కార్పొరేట్ శిక్షణ విభాగాలలో వాడే పద్ధతులు కొన్ని ఉపాధ్యాయ విద్యలో ఉన్నవే. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో ప్రచురించిన విద్యా లక్ష్యాల వర్గీకరణ (2001లో సవరించబడినది) బి.ఎడ్. పాఠ్యాంశాలలో ఉంటుంది. కంపెనీల శిక్షణ పాఠాలను తయారుచేసేవారు కూడా దీనినే వాడుతారు. శిక్షణ రూపకల్పనను విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశలుగా విభజించే "యాడీ" నమూనా 1975లో అమెరికా సైన్యం కొరకు ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన పనిలో నుండి వచ్చింది. పాఠ్య ప్రణాళిక వ్రాసి, పాఠం చెప్పి, పరీక్ష పెట్టి, తిరిగి బోధించే ఉపాధ్యాయునికి ఈ క్రమం పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు.

అయితే ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన విధానం శిక్షణను నాలుగు స్థాయిలలో కొలుస్తుంది: శిక్షణ పొందినవారి స్పందన, వారు నేర్చుకొన్నది, పనిలో వారి ప్రవర్తనలో వచ్చిన మార్పు, సంస్థకు కలిగిన ఫలితం. ఉపాధ్యాయుల రెజ్యూమేలు ఎక్కువగా రెండవ స్థాయి వద్ద, అనగా మార్కుల వద్ద ఆగిపోతాయి. కంపెనీలు మూడవ, నాలుగవ స్థాయిలను అడుగుతాయి. విద్యార్థులు హోంవర్కు తెచ్చే అలవాటు మారడం, హాజరు పెరగడం, ఒక ఉపాధ్యాయురాలు తయారుచేసిన వర్క్‌షీట్లను పాఠశాలలోని ఇతరులు కూడా వాడడం మొదలైనవి ఈ స్థాయిలకు చెందిన ఉదాహరణలు.

ఉద్యోగాలను బట్టి మార్పులు

ఒకే రెజ్యూమేను అన్ని ఉద్యోగాలకు పంపడం వలన ప్రయోజనం తక్కువ. ఉపాధ్యాయులు సాధారణంగా ప్రయత్నించే ఉద్యోగాలు, వాటికి ముందుకు తేవలసిన అనుభవం ఈ విధంగా ఉంటాయి.

* శిక్షకులు (కార్పొరేట్ ట్రైనర్): పెద్దలకు ఇచ్చిన శిక్షణ, తోటి ఉపాధ్యాయులకు నిర్వహించిన తరగతులు, ఆన్‌లైన్ బోధన.
* ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్: స్వయంగా తయారుచేసిన పాఠాలు, వర్క్‌షీట్లు, ప్రశ్నల నిధి, వీడియోలు. ఈ ఉద్యోగానికి నమూనా పనుల సంకలనం (పోర్ట్‌ఫోలియో) అడుగుతారు.
* కంటెంట్ రచయిత, సంపాదకులు, అనువాదకులు: భాషా ఉపాధ్యాయుల రచనలు, సవరణ పని, తెలుగు-ఆంగ్ల అనువాదాలు.
* మానవ వనరుల విభాగం: కొత్తవారి ఎంపికలో పాల్గొనడం, వారికి తోడ్పడడం, వివాదాల పరిష్కారం.
* కస్టమర్ సక్సెస్, వినియోగదారుల సేవ: తల్లిదండ్రులతో సమావేశాలు, ఫిర్యాదులను విని పరిష్కరించడం.
* కార్యనిర్వహణ, ప్రాజెక్టు సమన్వయం: కాలపట్టికలు, పరీక్షల నిర్వహణ, వార్షికోత్సవాలు, విహారయాత్రలు, ఎన్నికల విధులు.

పోర్ట్‌ఫోలియోలో పాఠశాలకు చెందిన ప్రశ్నపత్రాలు, విద్యార్థుల ఫోటోలు, పేర్లు, మార్కుల జాబితాలు ఉంచరాదు. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు భారతదేశంలో 2023లో చట్టం చేయబడింది. చట్టం మాట అటుంచినా, పిల్లల వివరాలను బయటపెట్టిన అభ్యర్థి తమ సంస్థ వివరాలను గోప్యంగా ఉంచుతారని ఎంపిక చేసేవారు నమ్మరు. బదులుగా అదే అంశంపై పది నిమిషాల పాఠాన్ని కొత్తగా తయారుచేసి చూపవచ్చు.

సాఫ్ట్‌వేర్ ద్వారా వడపోత

పెద్ద సంస్థలు దరఖాస్తులను అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ (ఎ.టి.ఎస్.) అనే సాఫ్ట్‌వేర్‌లో భద్రపరుస్తాయి. 1997లో మొదలైన నౌకరీ డాట్ కామ్, 2003లో మొదలైన లింక్డ్‌ఇన్ వంటి వెబ్‌సైట్లలో కూడా ఎంపిక చేసేవారు కీలక పదాలతో అభ్యర్థులను వెదుకుతారు. ప్రకటనలో ఉన్న పదం రెజ్యూమేలో లేకపోతే అర్హత ఉన్న అభ్యర్థి కూడా వారి కంటబడకపోవచ్చు. ప్రకటనలో "లెర్నింగ్ నీడ్స్ అనాలిసిస్" అని ఉన్నపుడు, విద్యార్థుల వెనుకబాటును గుర్తించే పరీక్షలు నిజంగా చేసినవారు ఆ పదాన్ని వాడవచ్చు.

రూపానికి సంబంధించి కొన్ని జాగ్రత్తలు:

* డి.టి.పి. కేంద్రంలో ముద్రించి, స్కాన్ చేసిన కాపీ సాఫ్ట్‌వేర్‌కు బొమ్మగానే కనిపించవచ్చు. అక్షరాలను ఎంచుకొని కాపీ చేయగలిగే వర్డ్ లేదా పి.డి.ఎఫ్. ఫైలు ఉండాలి.
* పట్టికలు, రెండు నిలువు వరుసలు, పూల అంచులు, నైపుణ్యాలకు నక్షత్రాల గుర్తులు లేకుండా ఉండడం మంచిది.
* ఈమెయిల్ చిరునామా సొంత పేరుతో, సాదాగా ఉండాలి.
* తాజా ఉద్యోగం మొదట, పాతవి తరువాత వ్రాయాలి.

అతిశయోక్తులు, ధ్రువీకరణ

భాషను మార్చడానికి, విషయాన్ని మార్చడానికి మధ్య హద్దు ఉంది. వృత్తి మార్పు సలహాలలో "తరగతి గదికి సి.ఇ.ఓ.", "40 మంది బృందానికి మేనేజరు" వంటి మాటలు తరచు కనిపిస్తాయి. విద్యార్థులు ఉద్యోగులు కారు. ఉపాధ్యాయుడు వారిని నియమించడు, వారికి జీతం నిర్ణయించడు, పని నుండి తొలగించడు. ఎంతమందిని నియమించారు, పనితీరును ఎలా అంచనా వేశారు అని ఇంటర్వ్యూలో అడిగితే అటువంటి వాక్యానికి ఆధారం ఉండదు. "40 మంది ఏకాగ్రతను 45 నిమిషాలు నిలిపి ఉంచడం" అనే వాక్యంలో అతిశయోక్తి లేదు, పైగా అది సులభమైన పనీ కాదు.

ఉత్తీర్ణతా శాతం విషయంలోనూ ఇంతే. పదవ తరగతిలో నూరు శాతం ఉత్తీర్ణత పాఠశాల మొత్తం సాధించిన ఫలితం. ఒక ఉపాధ్యాయురాలు తన సబ్జెక్టులో, తాను తీసుకొన్న సెక్షన్‌లో, ఏడాది మొదట్లో ఉన్న స్థితికి, చివరి స్థితికి గల తేడాను చెప్పడం సముచితం.

పదవి పేరును నియామక పత్రంలో ఉన్నట్లే వ్రాయాలి. "గణిత ఉపాధ్యాయుడు" అనే పదవిని "శిక్షణ మేనేజరు" అని మార్చితే, ఉద్యోగం వచ్చిన తరువాత జరిగే ధ్రువీకరణలో (బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) ఆ తేడా బయటపడుతుంది. సంస్థలు ఈ పనిని సాధారణంగా బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. పాత యాజమాన్యాన్ని సంప్రదించడం, డిగ్రీలను విశ్వవిద్యాలయాలతో సరిచూడడం, భవిష్యనిధి (పి.ఎఫ్.) ఖాతాలోని తేదీలను పరిశీలించడం ఇందులో భాగం. తప్పుడు వివరాలు తేలితే చేరిన తరువాత కూడా ఉద్యోగం పోవచ్చు.

ప్రైవేటు ఉపాధ్యాయులకు ఇక్కడ మరొక చిక్కు ఉంది. కొన్ని చిన్న పాఠశాలలలో నియామక పత్రం, జీతం రసీదు, భవిష్యనిధి ఉండవు. జీతం చేతికే ఇస్తారు. కొన్ని చోట్ల విద్యా సంవత్సరం మధ్యలో మానకుండా అసలు ధ్రువపత్రాలను యాజమాన్యం తన వద్దనే ఉంచుకొంటుంది. అటువంటివారు వృత్తి మార్పుకు ముందే సర్వీసు సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్, అసలు ధ్రువపత్రాలు తీసుకొనడం అవసరం. ఇవి దొరకనపుడు బ్యాంకు ఖాతా వివరాలు, పాఠశాల గుర్తింపు కార్డు, ప్రధానోపాధ్యాయుని లేఖ కొంతవరకు ఉపయోగపడతాయి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో అందుబాటులో ఉన్న మార్కుల జాబితాలను అక్కడి నుండి పొందవచ్చు.

వివాహం, ప్రసవం, పిల్లల పెంపకం వలన, లేదా 2020-21లో పాఠశాలల మూత వలన ఏర్పడిన ఖాళీలను దాచడానికి తేదీలు సాగదీయరాదు. కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, ఆ కాలంలో ట్యూషన్లు చెప్పడం, కోర్సు చేయడం వంటివి ఉంటే వ్రాయడం మేలు.

పరిమితులు

రెజ్యూమే ఇంటర్వ్యూ వరకు తీసుకువెళుతుంది. ఉద్యోగానికి కావలసిన స్ప్రెడ్‌షీట్ల వాడకం, కార్యాలయ ఈమెయిళ్ళు, సంబంధిత సాఫ్ట్‌వేర్లు రానపుడు వాటిని నేర్చుకొనవలసినదే. పదిహేనేళ్ళ బోధనానుభవం ఉన్నవారిని కూడా కంపెనీలు ప్రారంభ స్థాయి ఉద్యోగంలోకి తీసుకొనవచ్చు. అప్పుడు తమకంటే వయసులో చిన్నవారి కింద పనిచేయవలసి ఉంటుంది.

ప్రభుత్వ ఉపాధ్యాయుల విషయం వేరు. రాజీనామా వలన సర్వీసుతో ముడిపడిన పెన్షన్, ఇతర ప్రయోజనాలపై ప్రభావం పడుతుంది. కనుక తమకు వర్తించే సర్వీసు నియమాలను ముందుగా తెలుసుకొనడం అవసరం.

బోధనానుభవాన్ని వ్యాపార పరిభాషలోకి మార్చే క్రమంలో ఆ వృత్తి విలువను తక్కువ చేస్తున్నారనే విమర్శ కూడా ఉంది. తల్లిదండ్రులను "క్లయింట్లు"గా, పిల్లల చదువును "డెలివరబుల్"గా వ్రాసినపుడు ఈ విమర్శలో నిజం లేకపోలేదు. అటువంటి పదాలు లేకుండానే పనిని వివరించవచ్చునని పై ఉదాహరణలు తెలుపుతున్నాయి.

వృత్తి మారినవారు తిరిగి బోధనకు వచ్చే అవకాశం పూర్తిగా మూసుకుపోదు. టెట్ అర్హత పత్రం అంతకు ముందు ఏడేళ్ళు మాత్రమే చెల్లేది. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దాని చెల్లుబాటును 2011 నుండి వర్తించేలా జీవితకాలానికి పొడిగించినట్లు ప్రకటించింది. కనుక కార్పొరేట్ ఉద్యోగానికి వెళ్ళేవారు తమ టెట్, బి.ఎడ్. పత్రాలను, పాఠశాలల కొరకు తయారుచేసుకొన్న పాత బయోడేటాను కూడా భద్రపరచుకొనడం మంచిది.